పసుపు కాళ్ళు

“కాలెత్తమ్మా,” అన్నాడు కోడిపిల్లల డిపో మనిషి సిలుంగ్వే. “నీది కాదు, కోడిది.”

వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పొద్దున్నుంచీ ప్రతి ఆడమనిషితోనూ అతను అదే మాట అంటున్నాడు. ఇప్పటికి ఆ నవ్వులో పస అయిపోయింది. చంకలో తలా ఒక కోడిని ఇరికించుకున్న ఆడవాళ్ళ వరస డిపో గుమ్మం దగ్గర మొదలై, గోడవారగా సాగి, సైకిళ్ళు బాగుచేసే కొట్టు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. వానలు మొదలవ్వాల్సిన నవంబరు వచ్చినా గనుల ఊరు లువాన్ష్యాలో ఒక్క వాన చినుకు పడలేదు. రేకుల కప్పు కింద నిలబడ్డవాళ్ళకి నెత్తిన పెనం పెట్టినట్టుంది. కోళ్ళు ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. డిపో ముందు ఆపిన వ్యానులో చిల్లుల అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి లోపలినుంచి, నిన్న గుడ్డు పగిలి పుట్టిన పిల్లల కిచకిచ ఆగకుండా వస్తోంది.

సిలుంగ్వే చేతిలో రంగుల అట్టముక్కలున్నాయి, పెయింటు కొట్టులో గోడలకి చూపిస్తారే, అలాంటివి. ఒక కొసన పాలమీగడ రంగు, రెండో కొసన మామిడిపండు రంగు. కోడి కాలి పక్కన అట్ట పెట్టి, కళ్ళు చిట్లించి చూస్తాడు. కాలు పసుపుగా ఉంటే కోడిపిల్లల పెట్టె, తెల్లగా ఉంటే ఇంటికి.

వరస మధ్యలో చిలుఫ్య చంకలోని కోడి కాళ్ళని మరోసారి చూసుకుంది. పసుపే. ఎంత పసుపంటే పెళ్ళికి సిద్ధమైనట్టుంది. అయినా భయం పోలేదు. ఆ కోడి ఆమెది కాదు.

రోడ్డుకి అటుపక్క కలాబ సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. పెట్టె కట్టడానికి వెనక క్యారియరు మీద తాడు చుట్టి పెట్టుకున్నాడు. చిలుఫ్య చూసినప్పుడల్లా కనుబొమలు ఎగరేసి, కోడిలా మెడ ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడు. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. అతను మెడ ఆడిస్తే ఇంత భయంలోనూ ఆమెకి నవ్వు వస్తుంది.

“మొగుణ్ణి చూసి ముసిముసి నవ్వులా? నువ్వు బేరానికొచ్చావా, షికారుకొచ్చావా?” అంది వెనక నిలబడ్డ ప్రిస్కా. యాభై ఏళ్ళ మనిషి, చర్చి పాటల బృందంలో అందరికంటే గొంతు పెద్దది. మికోంఫ్వ పేటలో ఆమె ఒక్కతే ఎప్పుడూ కంపెనీ మేత తప్ప వేరే మేత వాడలేదు. ఆ సంగతి పదిమందికీ వినపడేలా చెప్పుకోవడం ఆమెకి అలవాటు.

“రెండూనూ అత్తా,” అంది చిలుఫ్య.

“నవ్వు, నవ్వు. నా కోడి కాళ్ళు చూడు, నిమ్మపండ్లు! ఎవరికి భయపడాలి నేను? భయమంతా పెరట్లో పారతో మేత కలుపుకునే వాళ్ళకి.”

చిలుఫ్య ముందుకి ఒకడుగు జరిగింది.

డిపో మీద ఎర్ర పుంజు బొమ్మ ఉంటుంది కాబట్టి ఆ కంపెనీ అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ అది ఎర్ర పుంజే. కోడిపిల్లలు కావాలంటే ఎర్ర పుంజు దగ్గరికి రావాలి. పిల్లల పెట్టెతో పాటు మొదటి వారానికి పనికొచ్చే పిల్లమేత బస్తా కొని తీరాలి. తర్వాతి వారాల మేతకి వాళ్ళంతట వాళ్ళే వస్తారులెమ్మని కంపెనీ ధీమా. వచ్చేవారు కూడా. కానీ జూన్, జూలై చలికాలం దాటేసరికి మేత ధర బస్తా మీద వంద క్వాచాల పైన పెరిగింది. ఊళ్ళో ఉన్న మూడు కంపెనీలూ, కూడబలుక్కున్నట్టు ఒకే రోజు పెంచాయి. సంతలో కోడి ధర మాత్రం అలాగే ఉంది. చిలుఫ్య, కలాబ తమ మొదటి విడత కోళ్ళన్నీ అమ్మాక, మేత ఖర్చు పోగా మిగిలింది ఒక వంటనూనె డబ్బాకీ, చిలుఫ్యకి ఒక జత రబ్బరు చెప్పులకీ సరిపోయింది. నీలం చెప్పులు, మీద తెల్లపువ్వు. వాటినే చూసుకుని ఆమె రెండు రోజులు మురిసిపోయింది. మూడో రోజు, ఆరు వారాలు ఇద్దరూ పడ్డ కష్టానికి ఒక జత చెప్పులా అని కలాబ అన్నప్పుడు ఏడ్చింది.

కలాబకి అంతకుముందు గనిలో కాంట్రాక్టరు కింద పని ఉండేది. ఆ పని పోయింది. ఇక కోళ్ళే దిక్కు.

అప్పుడు ఆదుకున్నది పక్కింటి ముసోండ వాళ్ళమ్మ. ఆమె పెరట్లో టార్పాలిన్ పరిచి మొక్కజొన్న తవుడు, సోయా చెక్క, పొద్దుతిరుగుడు చెక్క, ఎండుచేపల కొట్టులో సంచుల అడుగున మిగిలే పొడి, ఉప్పు వేసి పారతో కలపడం నేర్పింది. సోయా చెక్క పొలాల వైపు ఉన్న ఒక చిన్న నూనె మిల్లునుంచి వచ్చేది. మిల్లు అతను చౌకగా ఇచ్చేవాడు. పేటలో ఒకరి తర్వాత ఒకరు ఆ పెరట్లోకి చేరారు. మేత కలిపే రోజున పిండి రేగి అందరి ముఖాలూ తెల్లబడితే, ఒకరినొకరు చూసుకుని పడిపడి నవ్వేవారు. కంపెనీ దగ్గర మొదటి బస్తా ఒక్కటే కొని, మిగతా అంతా ఇదే వేశారు. కోళ్ళు బాగానే పెరిగాయి. బరువు తూగాయి, రుచికీ ఏ లోటూ లేదు.

కాళ్ళ దగ్గరే తప్పయింది. కంపెనీ మేతలో పసుపు మొక్కజొన్న ఉంటుంది. ఆ సంగతి వీళ్ళకి తెలియదు. తెలిసినా ఎవరు కలుపుతారు? పసుపు మొక్కజొన్న కరువు రోజుల్లో లారీల్లో వచ్చి, పంచిపెడితే ముక్కు మూసుకుని తిన్న తిండి. ఈ ఊళ్ళో ఏ మిల్లువాడూ దాన్ని గడప తొక్కనివ్వడు. తాము తినే తెల్ల మొక్కజొన్నే కోళ్ళకీ పెట్టారు. తెల్ల మొక్కజొన్న తిన్న కోళ్ళకి కాళ్ళూ తెల్లగానే వచ్చాయి. కోళ్ళ జబ్బులు చూస్తానని కంపెనీ పంపిన సలహాదారు గూళ్ళన్నీ తిరిగి ఆ కాళ్ళని చూసి వెళ్ళాడు. తర్వాతి వారం డిపో గుమ్మానికి కాగితం అంటించారు. పిల్లలు కావాలంటే ఇంట్లో పెంచిన కోడిని ఒకటి తెచ్చి చూపించాలి. కాళ్ళు తెల్లగా ఉంటే జబ్బు. జబ్బున్న ఇంటికి పిల్లలు లేవు.

“వేరే డిపోకి పోదాం,” అన్నాడు కలాబ ఆ రోజు. ఎండలో ఎంపటమాటు పేట దాకా సైకిలు తొక్కి, ఆకుపచ్చ బస్తాల కంపెనీకి వెళ్ళాడు.

“ఎక్కడుంటావు తమ్ముడూ?” అని అడిగాడట అక్కడి మనిషి.

“మికోంఫ్వలో.”

“మరి మీ పేట ఎర్ర పుంజుది కదా. ఇటెందుకొచ్చావు?”

“డబ్బు ఇస్తున్నా కదన్నా. నా నోటు మీద పేట పేరు రాసుందా?”

ఆ మనిషి నవ్వి, మంచినీళ్ళిచ్చి, కలాబ ముందే సిలుంగ్వేకి ఫోను చేశాడట. “మీ మందలో ఒకటి తప్పిపోయి ఇటొచ్చింది, తోలుకుపోండి” అన్నాడట. కలాబ ఆ మాట చెప్పి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఇప్పుడు పిల్లల్ని తీసుకుంటేనే క్రిస్మస్‌కి కోళ్ళు చేతికొస్తాయి. ఏడాది మొత్తంలో జనం బేరమాడకుండా కోడి కొనేది అప్పుడే. ఇవాళ పెట్టె దొరక్కపోతే క్రిస్మస్ లేదు. ఆ తర్వాత ఇంటద్దె లేదు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. వెచ్చగా ఉంటుందని గదిని కోడిపిల్లలకి ఇచ్చేసి, రంపపు పొట్టు పరిచి, బొగ్గుల కుంపటి రాజేసి వచ్చారు. భార్యాభర్తలు వంటింట్లో పడుకుంటారు. కలాబ పొడుగు మనిషి, కాళ్ళు గుమ్మం బయటికొస్తాయి. “ఈ ఊళ్ళో అద్దె కట్టకుండా పడకగది కొట్టేసింది ఈ పిల్లముండలే,” అని అతను తిట్టుకుంటూనే, పొద్దున లేవగానే ముందు వాటినే చూసొస్తాడు. ఎప్పుడైనా ఒక కోడి కోసుకుంటే, మగవాడికే చెందాల్సిన కందనకాయని సగం కొరికి మిగతా సగం పెళ్ళాం నోట్లో పెడతాడు. “మా అమ్మకి చెప్పావో, చంపేస్తుంది” అంటాడు ప్రతిసారీ.

అందుకే నిన్న చిలుఫ్య ఎంపటమాటులో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళి, ఆకుపచ్చ బస్తాల మేత తిన్న కోడిని ఒకదాన్ని అడిగి తెచ్చుకుంది. ఆ కంపెనీ మేతైనా అదే పసుపు.

“తర్వాత!”

ముసోండ వాళ్ళమ్మ ముందుకు వెళ్ళింది. వరసలో గుసగుసలు ఆగిపోయాయి. ఆమె కోళ్ళన్నిటివీ తెల్లకాళ్ళేనని అందరికీ తెలుసు. కానీ ఇవాళ ఆమె చంకలోంచి వేలాడుతున్న కాళ్ళు పసుపుగా ఉన్నాయి. చిలుఫ్యకి ఒక్కసారి ఊపిరి తేలికైంది. ఈమె కూడా ఎవరినో అడిగి తెచ్చుకుందన్నమాట.

“కాలెత్తమ్మా. నీది కాదు, కోడిది.”

ముసోండ వాళ్ళమ్మ కోడిని బల్ల మీద పెట్టింది. ఎండలో అంతసేపు చంకలో ఇరికించుకోవడంతో ఆమె చెమటంతా కోడి కాళ్ళ మీదికి కారింది. సిలుంగ్వే కాలు పట్టుకుని అట్ట దగ్గర పెట్టాడు. అట్ట పక్కన పెట్టి తన వేళ్ళు చూసుకున్నాడు. వాసన చూశాడు.

“ఇదేంటమ్మా?”

ఆమె కోడిని దగ్గరికి లాక్కోబోయింది.

“కూర పొడి!” అన్నాడు సిలుంగ్వే. వేళ్ళు పైకెత్తి వరసకంతా చూపించాడు. “పసుపు కలిపిన కూర పొడి పూసుకొచ్చింది! ఇంకాస్త ఉప్పు, ఉల్లిపాయ వేస్తే సరిపోయేది, ఇక్కడే వండుకు తినేవాళ్ళం!”

వ్యాను డ్రైవరు పగలబడి నవ్వాడు. వరసలోనూ నవ్వు లేచింది, ఆపుకోలేక. ముసోండ వాళ్ళమ్మ నడుముకి చుట్టుకున్న చితెంగె గుడ్డ మీద, కోడి కాళ్ళు రాసుకున్నచోటల్లా పసుపు చారలు. ఆమె ఆ చారల్ని అరచేత్తో దాచుకోబోయింది. అరచెయ్యీ పసుపే. అది చూసి వరసలో నవ్వు దానంతటదే ఆగిపోయింది.

“బాబూ, నీకు అమ్మలాంటిదాన్ని,” అంది ఆమె మెల్లగా. “కోడికి జబ్బు లేదు. కోసి చూడు. ఇక్కడే కోసిస్తాను, వండుకు తినండి.”

“జబ్బు కోడికి కాదమ్మా, నీకు. దొంగబుద్ధి జబ్బు. ఇవాళే కాదు, ఇక ఎప్పుడూ నీకు ఇక్కడ పెట్టె లేదు. ఆకుపచ్చ బస్తాల దగ్గరికీ పోకు, నీలం వాళ్ళ దగ్గరికీ పోకు. ముగ్గురం ఒక్కటే.” గొంతు తగ్గించాడు. “ఒక్క మాట చెప్తే మనసు మార్చుకుంటా. సోయా చెక్క ఎవరిస్తున్నారు?”

ముసోండ వాళ్ళమ్మ అతని ముఖంలోకి చూసింది. “నాకు చెవుడు వచ్చింది బాబూ,” అంది. కోడిని చంకలో పెట్టుకుని, వెళ్ళిపోకుండా, గోడ పక్కన నేల మీద కూలబడింది.

“తర్వాత!”

చిలుఫ్య ముందుకు నడిచింది. రబ్బరు చెప్పులు కాంక్రీటు మీద టపటపమన్నాయి. గోడ పక్కన కూర్చున్న మనిషి వైపు చూడకూడదనుకుని, చూసింది. ముసోండ వాళ్ళమ్మ ఆమె చంకలో కోడి కాళ్ళని చూసి, తల పైకెత్తకుండానే, కానియ్ అన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

సిలుంగ్వే అట్ట పెట్టాడు. తడి గుడ్డతో రుద్దాడు. మళ్ళీ అట్ట పెట్టాడు. ముఖం విప్పారింది.

“ఇదీ కాలంటే! ఎవరి ఇంటి కోడలివమ్మా నువ్వు?”

“కలాబ భార్యని.”

“చూశారా? నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల. ఈ పిల్లకున్న బుద్ధి ముసలాళ్ళకి లేదు.” కోడిని రెక్కలు పట్టుకుని పైకెత్తాడు. అది గిలగిల్లాడింది. “అందరూ చూడండి! మా మేత తింటే ఇలా ఉంటుంది. చెప్పమ్మా, గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకి వినపడాలి. ఏ మేత పెట్టావు?”

డ్రైవరు అప్పటికే ఒక పెట్టె దించి బల్ల కొసన పెట్టాడు. పిల్లల వెచ్చదనం అట్టలోంచి చిలుఫ్య చేతికి తగిలింది. ఒక చిల్లులోంచి చిన్న ముక్కు బయటికొచ్చి, ఆమె వేలిని పొడిచి, లోపలికి పోయింది. రోడ్డుకి అటుపక్క కలాబ తాడు విప్పుతున్నాడు.

“చెప్పమ్మా. ఎర్ర పుంజు మేత అను. అని పెట్టె పట్టుకుపో. సిగ్గెందుకు?”

ఒక్క మాట. ఆ మాట అంటే ఈ రాత్రి గదినిండా కిచకిచలే. కలాబ కుంపటి దగ్గర గొంతుక్కూర్చుని చలేస్తోందా అని వాటిని అడుగుతాడు. చిలుఫ్య నోరు తెరిచింది. గోడ పక్కన ముసోండ వాళ్ళమ్మ చితెంగె మీద పసుపు చారల్ని గోటితో గోకుతూ కూర్చుంది. ఆ చేతులే తన చేతుల్ని పట్టుకుని, పిండి పిడికిట్లోకి తీసుకుని నలిపితే ఎంత తడి ఉందో తెలుస్తుందని నేర్పాయి.

“ఈ కోడి నాది కాదు,” అంది చిలుఫ్య.

“ఏంటీ?”

“మా అక్కది. ఎంపటమాటునుంచి తెచ్చాను. నా కోళ్ళకి తెల్లకాళ్ళే. మేం తినేదే వాటికీ పెడతాను. నాదీ అదే పెరటి మేత.” గోడ పక్కన మనిషి వైపు చెయ్యి చూపించింది. “నా కోళ్ళకి ఏ జబ్బూ లేదు. ఆమె కోళ్ళకీ లేదు. మీకే మేత అమ్ముడుపోని జబ్బు.”

వరసలో ఎవరో “అమ్మో” అన్నారు.

కలాబ సైకిలు గోడకి ఆనించి, తాడు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “పిచ్చా నీకు? ఏం మాట్లాడుతున్నావే?” అని ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. “గదిలో కుంపటి రాజేసి వచ్చాం. బొగ్గులు ఊరికే కాలిపోతున్నాయి. ఒక్క మాట అంటే పోయేది కదా!”

“అనలేకపోయాను.”

“ఎందుకు?”

ఆమె గోడ వైపు చూసింది. కలాబ కూడా చూశాడు.

సిలుంగ్వే పెట్టెని బల్ల మీదినుంచి తనవైపు లాక్కున్నాడు. ఇప్పుడు అతను నవ్వడం లేదు. “వయసు చిన్నదని ఒక అవకాశమిస్తున్నా. సోయా చెక్క ఎక్కడిది? ఆ పేరు చెప్పి పెట్టె పట్టుకుపో. లేకపోతే ఆ ముసలమ్మ పక్కన నీక్కూడా చోటుంది.”

చిలుఫ్య మొగుడి వైపు చూసింది. మిల్లు పేరు అతనికీ తెలుసు. సోయా చెక్క మూటలు సైకిలు మీద మోసుకొచ్చేది అతనే.

కలాబ చేతిలోని తాడుని పొట్టిగా మడిచి జేబులో కుక్కుకున్నాడు. “కోడిని నేను పట్టుకుంటా,” అన్నాడు ఆమెతో. “పొద్దున్నుంచీ మోశావు, చెయ్యి లాగేస్తుంటుంది.” సిలుంగ్వే చేతిలోంచి కోడిని తనే తీసుకుని, చంకలో పెట్టుకుని, పెళ్ళాం పక్కన నిలబడ్డాడు.

“చెప్పం,” అంది చిలుఫ్య.

“పొండి! ఇద్దరూ పొండి! తర్వాత!”

తర్వాత ప్రిస్కా.

ఆమె కోడి కాళ్ళు నిజంగానే నిమ్మపండ్లు. రంగు కోసం ఏ అట్టా చూడక్కర్లేదు. ప్రిస్కా ఒకడుగు వేసి ఆగింది. బల్ల మీది పెట్టెని చూసింది. గోడ పక్కనున్న మనిషిని చూసింది. ఆమె ఏమనుకుందో ఎవరికీ తెలియదు. ప్రతి విడత చివరా, మేత ఖర్చు పోగా తనకీ ఏమీ మిగలడం లేదని ఆమె ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. కోడిని ఎడమ చంకకి మార్చుకుని, నడుము దగ్గర చితెంగె కొస విప్పి, ఆ కొసని కోడి కాళ్ళకి ఒక చుట్టు, రెండో చుట్టు చుట్టి, మళ్ళీ నడుములో దోపుకుంది.

“కాలెత్తమ్మా,” అన్నాడు సిలుంగ్వే.

“ఎత్తను,” అంది ప్రిస్కా, చర్చిలో పాడే గొంతుతో.

“నీ కోడికి ఏం రోగమొచ్చింది? నీది పసుపే కదా, నాకు తెలుసు!”

“తెలిస్తే మరి చూడ్డమెందుకు?”

ఆమె ముందుకీ రాలేదు, పక్కకీ జరగలేదు. వెనక ఒక గుడ్డ చప్పుడైంది. ఆ వెనక ఇంకొకటి. వరస పొడుగునా ఆడవాళ్ళు నడుముల దగ్గర కొసలు విప్పుతున్నారు. ఎరుపు పూలవి, నీలం చేపలవి, వెలిసిపోయినవి. తెల్లకాళ్ళున్న కోళ్ళూ, పసుపు కాళ్ళున్న కోళ్ళూ ఒక్కొక్కటిగా గుడ్డల్లోకి పోయాయి. బయట తలలు మాత్రమే మిగిలాయి.

“తర్వాత!” అని అరిచాడు సిలుంగ్వే. “వెనకెవరు? వీళ్ళని దాటుకుని రండి. ముందొచ్చినవాళ్ళకి ముందు పెట్టె!”

ఎవరూ రాలేదు.

డ్రైవరు వ్యానులోకి తొంగిచూసి వచ్చాడు. “సార్, పైపెట్టెల్లో పిల్లలు నోళ్ళు తెరుస్తున్నాయి. ఈ ఎండకి మధ్యాహ్నం దాకా బతకవు. అమ్ముతారా, వెనక్కి తోలమంటారా?”

“నోర్ముయ్,” అన్నాడు సిలుంగ్వే. ఫోను తీశాడు. ఎవరికో చెయ్యబోయి ఆగి, పెట్టెల వైపు చూశాడు.

కిచకిచ పెరిగింది. అది ఆకలిదో దాహానిదో చెవితోనే చెప్పగల ఆడవాళ్ళు వీళ్ళంతా. ఆ చప్పుడు వింటే ఊరుకోలేరు. ముసోండ వాళ్ళమ్మ నేల మీదినుంచి సగం లేచి, చెయ్యి పెట్టెల వైపు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. చిలుఫ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కలాబ మోచెయ్యి పట్టుకుంది.

చిల్లుల్లోంచి చిన్న ముక్కులు బయటికీ లోపలికీ ఆడుతున్నాయి. వరస కదల్లేదు.